సామెతల గ్రంథం: ఏ మాట ఎప్పుడు వాడాలి?

బైబిల్లోని సామెతల గ్రంథం 26వ అధ్యాయం తీసి నాలుగు, ఐదు వచనాలు వరుసగా చదవండి. మూర్ఖుడికి వాడి మూఢత చొప్పున జవాబు ఇవ్వొద్దు, ఇస్తే నువ్వూ వాడిలాగే అవుతావు అంటుంది మొదటిది. జవాబు ఇవ్వు, ఇవ్వకపోతే వాడు తనను తాను జ్ఞాని అనుకుంటాడు అంటుంది రెండోది. ఇలాంటి పరస్పర విరుద్ధమైన మాటలున్నాయని ఈ గ్రంథాన్ని పక్కన పెట్టేద్దామా అని పూర్వపు యూదు పండితులు ఆలోచించారని వాళ్ల చర్చల సంకలనమైన తల్మూదులో ఉంది. చివరికి ఒకటి ధర్మశాస్త్రం గురించిన చర్చకు, ఇంకొకటి మామూలు వ్యవహారాలకు అని తేల్చారు. వాళ్ల విభజన మనకు నచ్చినా నచ్చకపోయినా, పద్ధతి మాత్రం సరైనదే. రెండూ నిజమే, ఇప్పుడు మన ముందున్న సందర్భానికి ఏది సరిపోతుందో చూసుకోవాలి.

ఆ చూసుకోవడం ఎలాగో కూడా ఆ వచనాలే చెబుతాయి. ప్రతిదాని రెండో సగంలో కారణం ఉంది కదా, దాన్నే ప్రశ్నగా మార్చుకోవాలి. నేను జవాబిస్తే వాడి స్థాయికి దిగి తిట్టుకునే పరిస్థితి వస్తుందా? వస్తుందనుకుంటే నాలుగో వచనం. నేను ఊరుకుంటే అతని అబద్ధమే నిజమని అతనూ, వింటున్న నలుగురూ అనుకుంటారా? అలాగైతే ఐదో వచనం. అప్పుడైనా ఒక్కసారి, విషయం వరకే చెప్పి ఆపేయాలి. మూడోసారి చెబుతున్నామంటే ఐదో వచనం పేరు పెట్టుకుని నాలుగోదానిలో పడ్డట్టే.

గ్రంథంలో 31 అధ్యాయాలున్నాయి కాబట్టి తేదీకొకటి చొప్పున నెలకోసారి పూర్తి చేసేవాళ్లు చాలామంది. మొదటి తొమ్మిది అధ్యాయాలకు ఈ పద్ధతి బాగానే ఉంటుంది, అక్కడ తండ్రి కొడుకుకు చేసే బోధ ఒక ధారగా సాగుతుంది. పదో అధ్యాయం నుంచి కథ మారుతుంది. 10:1 (అంటే పదో అధ్యాయం, ఒకటో వచనం) నుంచి 22:16 వరకు దాదాపు అన్నీ విడివిడి సామెతలే, మొత్తం 375 వచనాలు. ఒక్కసారి కూర్చుని ముప్పై చదివితే ముప్పైయ్యోది పూర్తయ్యేసరికి మొదటిది గుర్తుండదు. ఈ భాగాన్ని అంశాల వారీగా చదవడం మేలు. ఒక కాగితం మీద కోపం, ఇంకోదాని మీద డబ్బు, మరోదాని మీద సాక్ష్యం, చాడీలు. వచనం ఎదురైనప్పుడల్లా సంఖ్య మాత్రం రాసుకుంటూ పోతే ఒకే విషయం మీద ఎనిమిదో పదో వచనాలు పక్కపక్కన చేరతాయి. ఒకటి ఇంకొకదానికి ఎక్కడ హద్దు గీస్తుందో అప్పుడు కనబడుతుంది.

కోపం కాగితమే తీసుకుందాం. 15:1 అందరికీ నోటికి వచ్చు: “మృదువైన మాట క్రోధమును చల్లార్చును.” దీన్ని ఒంటరిగా పట్టుకుంటే ప్రతి గొడవలోనూ తల వంచేయడమే భక్తి అనిపిస్తుంది. పక్కనే 25:15 రాసుకోండి. సాత్వికమైన నాలుక ఎముకను నలగగొడుతుందట! అంటే మెత్తదనం స్వరంలో ఉండాలి, అడగాల్సిన విషయం మాత్రం అలాగే ఉండాలి. 17:14 కలహం మొదలవడాన్ని గట్టుకు గండిపడి నీళ్లు బయటికి రావడంతో పోలుస్తుంది, ముదరక ముందే వదిలేయమంటుంది. 29:11 ప్రకారం మూఢుడు కోపమంతా వెళ్లగక్కుతాడు, జ్ఞాని అణచుకుంటాడు.

ఈ నాలుగింటినీ ఒక మెసేజ్ మీద పెట్టి చూడండి. తోటి ఉద్యోగి రాశాడు: “నీ వల్లే పని ఆలస్యమైంది, నీకెప్పుడూ ఇంతే.” ఠక్కున వేళ్ల చివరికి వచ్చే జవాబు, “నువ్వేం తక్కువ తిన్నావా, పోయిన నెల ఏం జరిగిందో చెప్పమంటావా?” ఇదే గండి. వాడిది ఒక విషయం, మనం దానికి పోయిన నెలను కలిపాం. అతి మెత్తని జవాబు, “సారీ, నాదే తప్పు,” తప్పు మనది కానప్పుడు అదీ అబద్ధమే, 12:22 అబద్ధపు పెదవులను యెహోవాకు హేయమంటుంది. నాలుగు వచనాలకూ నిలబడే జవాబు ఇలా ఉంటుంది: “ఆలస్యమైన మాట నిజం. నాకు కాగితాలు నిన్న సాయంత్రం అందాయి. ఈ రోజు పూర్తి చేసి ఇస్తాను. వచ్చేసారి రెండు రోజుల ముందు పంపగలరా?” ఒప్పుకోవాల్సింది ఒప్పుకుంది, జరిగింది చెప్పింది, అడగాల్సింది అడిగింది, “ఎప్పుడూ ఇంతే” అన్న ఎరను ముట్టుకోలేదు. రాశాక వెంటనే పంపకుండా కాసేపు పక్కన పెడితే 29:11 కూడా జరిగిపోతుంది.

తగాదా ఇద్దరు వేరేవాళ్లదైతే 18:17. మొదట మాట్లాడినవాడిదే న్యాయంలా కనబడుతుంది, ఎదుటివాడు వచ్చాక కదా సంగతి తేటపడేది. కాబట్టి మొదటివాళ్లతో “నీకు బాధ కలిగింది, అర్థమైంది” అనొచ్చు. “తప్పు వాళ్లదే” అని మాత్రం అనకూడదు. ఆ ఒక్క మాట సాయంత్రానికి అవతలి చెవిన పడుతుంది. ఇక ఎవరూ మనల్ని పిలవని తగాదాలో దూరితే 26:17 ఉంది, దారిన పోతూ కుక్క చెవులు పట్టుకోవడం లాంటిదట. పట్టుకుంటే కరుస్తుంది, వదిలినా కరుస్తుంది.

డబ్బు విషయంలో ఎక్కువమంది తడబడేది పూచీకత్తు దగ్గర. 19:17 బీదలను కనికరించేవాడు యెహోవాకు అప్పిచ్చినట్టే అంటుంది. 3:27-28 చేతిలో ఉండగా రేపు రమ్మనొద్దంటుంది. అదే గ్రంథం 6:1-5లో, 11:15లో, 17:18లో, 22:26-27లో పూచీ పడొద్దని గట్టిగా చెబుతుంది. ఇవి దయకు అడ్డు వచనాలు కావు. తేడా 22:27లో ఉంది: చెల్లించడానికి నీ దగ్గర ఏమీ లేకపోతే నీ కిందున్న పరుపు కూడా లాక్కుపోతారు కదా అని అడుగుతుంది. ఉన్నదాంట్లోంచి ఇవ్వడం వేరు, లేనిదాన్ని మాటిచ్చేయడం వేరు. సంతకానికి ముందు మొత్తం అప్పును, వడ్డీతో సహా, ఒక అంకెగా రాసుకోండి. ఆ మనిషి ఒక్క కిస్తీ కూడా కట్టకపోతే ఇంటి ఖర్చులు ఆగకుండా ఇదంతా నేను కట్టగలనా? కట్టగలిగినా ఆ తర్వాత అతనితో మామూలుగా మాట్లాడగలనా? ఏ ఒక్కదానికి కాదన్నా సంతకం వద్దు. వెనక్కి అడగక్కర్లేని చిన్న మొత్తం చేతిలో పెట్టేయడం మేలు.

అన్నిటికన్నా ఎక్కువ గాయపరిచేది సామెతను హామీగా చదవడం. బాలుడు నడవాల్సిన తోవను వాడికి నేర్పమని, పెద్దయ్యాక దాన్నుంచి తొలగిపోడని 22:6 చెబుతుంది. ఇది సాధారణంగా జరిగేదాన్ని చెప్పే మాట. దారి తప్పిన పిల్లల తల్లిదండ్రులకు దీన్ని వినిపించి, మీ పెంపకమే లోపం అని తేల్చేవాళ్లు అదే గ్రంథంలో తండ్రి బోధ విననివాడి గురించి ఎన్ని వచనాలున్నాయో చూడాలి. 10:4 కూడా అంతే. శ్రద్ధగలవాడు ఐశ్వర్యవంతుడవుతాడన్నది నిజమే, కానీ 13:23లో బీదవాళ్లు సాగుచేసిన నేల బాగా పండినా అన్యాయం వల్ల అది పోతుంది. పేదవాణ్ణి చూసి సోమరి అనేముందు ఆ రెండో వచనం చదవాలి. అలాగే 17:8 లంచం ఇచ్చేవాడి కంటికి అది మాణిక్యంలా ఉంటుందంటుంది. అది లోకం తీరును చూపించడమే, అనుమతి కాదు. 17:23లో లంచం తీసుకుని న్యాయాన్ని తిప్పేసేవాడు దుష్టుడే.

ఇప్పటికే పూచీ సంతకం పెట్టేసినవాళ్లకూ 6:3-5లో దారి ఉంది. సిగ్గు పక్కన పెట్టి వెంటనే వెళ్లి బతిమాలుకో, కళ్లకు నిద్ర రానియ్యకు, వేటగాడి చేతిలోంచి లేడి తప్పించుకున్నట్టు తప్పించుకో అంటుంది. ఈ రోజుల్లో ఆ పని ఇది: అప్పు తీసుకున్న మనిషిని ఈ వారంలోనే కలవండి, ఇంకా ఎంత బాకీ ఉందో కాగితం మీద తీసుకోండి, వేరే పూచీదారు గాని వేరే హామీ గాని చూపించి మీ పేరు తీయించమని అప్పిచ్చినవాళ్లను రాతపూర్వకంగా అడగండి.