ఎడమ బ్రేకు లేకుండా లివర్‌మోర్‌లో

సెస్నా లాంటి చిన్న విమానంలో బ్రేకుకి విడిగా పెడల్ ఉండదు. రడ్డర్ (తోక మీది చుక్కాని) తిప్పే రెండు పెడళ్ల పైభాగాన్నే మునివేళ్లతో నొక్కాలి. ఎడమది ఎడమ చక్రానికి, కుడిది కుడి చక్రానికి. ఒకటి పోయింది కదా అని రెండోదాన్ని గట్టిగా తొక్కితే విమానం అటు పక్కకి లాగేస్తుంది.

మా ఆఫీసులో సీనియర్ ఒకాయనకి ప్రైవేట్ పైలట్ లైసెన్స్ ఉంది. ఆయనది గుంటూరు. ఆ లైసెన్సుతో డబ్బు తీసుకుని మనుషుల్ని తిప్పకూడదు, పెట్రోలు, అద్దె ఖర్చు మాత్రం పంచుకోవచ్చు. అలా ఇద్దరం కాలిఫోర్నియాలో సెస్నా 172లో నాపా వెళ్లి పాలో ఆల్టోకి తిరిగొస్తున్నాం. దిగే ముందు చేసే చెకింగ్‌లో ఆయన బ్రేకులు నొక్కి చూశారు. కుడిది గట్టిగా ఉంది. ఎడమది ఏ అడ్డూ లేకుండా కిందిదాకా పోయింది. మళ్లీ నొక్కారు, అంతే.

"తమ్ముడూ, ఎడమ బ్రేకు లేదు. లివర్‌మోర్ పోదాం."

"ప్రమాదమా అన్నా?"

"రన్‌వే పొడుగుంటే పర్లేదు. బెల్టు బిగించుకో."

పాలో ఆల్టో రన్‌వే 2,400 అడుగుల చిల్లర. లివర్‌మోర్‌లో పెద్దది 5,200 పైనే. అక్కడి కంట్రోల్ టవర్‌కి ఉన్నదున్నట్టు చెప్పేశారు. రన్‌వే చివరిదాకా వాడుకోండి, వెనక ఎవరినీ రానివ్వం అన్నారు వాళ్లు.

ఫ్లాప్స్ (రెక్కల వెనక అంచున ఉండే పలకలు) పూర్తిగా దించి, వీలైనంత నెమ్మదిగా, రన్‌వే మొదట్లోనే చక్రాలు ఆనించారు. కంట్రోల్ వీల్‌ని పొట్టదాకా లాగి ముక్కు పైకే పట్టుకున్నారు, ఎదురుగాలికే వేగం తగ్గేలా. బ్రేకుల జోలికే పోలేదు. ముందు చక్రం దిగాక పెడళ్లతోనే తిన్నగా నడిపారు. టెన్షన్‌తో నాకు నోరెండిపోయింది. చివర్లో ఇంధనం ఆపే మిక్చర్ నాబ్ లాగేసి ఇంజన్ ఆపితే, ప్రొపెల్లర్ ఆగిపోయాక కూడా విమానం కాస్త దొర్లి ఆగింది.

దిగి చూస్తే ఎడమ చక్రం లోపలి వైపంతా ఎర్రటి ఆయిల్. బ్రేకులో ఓ రింగ్ అరిగి కారిపోయిందని తర్వాత మెకానిక్ చెప్పాడు.

ఆయన ఒక్క నిమిషం కూడా దాచకుండా చెప్పడమే నాకు పదేపదే గుర్తొస్తుంది. హెచ్1బీ మీద ఉన్న మనవాళ్లు ప్రాజెక్టులో తేడా కనిపించినా నోరు విప్పరు. ఉద్యోగం పోతే కొత్తది వెతుక్కోవడానికి మహా అయితే 60 రోజులు. ఆ భయం ఎంత నిజమో నాకు తెలుసు, వాళ్లని తప్పుపట్టలేను. విమానాలవాళ్లకి మాత్రం 1976 నుంచి నాసా నడిపే రిపోర్టింగ్ పద్ధతి ఒకటుంది. జరిగింది రాసి పంపితే పేర్లు తీసేసి, అందరూ నేర్చుకునేలా ఉంచుతారు. కావాలని చేయని పొరపాటుని 10 రోజుల్లోపు చెప్పినవాళ్లకి మామూలుగా శిక్ష ఉండదు. ఇలాంటిది మా ఆఫీసుల్లోనూ ఉండాలని గట్టిగా అనిపిస్తుంది.

ఇంటికొచ్చేటప్పుడు క్యాబ్‌లోనే ఆయన ఆ ఫారం నింపడం మొదలుపెట్టారు. తను ఎన్నిసార్లు నొక్కి చూశారో, టవర్‌తో ఎప్పుడు మాట్లాడారో నన్నడిగి సరిచూసుకుంటూ రాశారు.