గునుగు రంగు

దసరా సెలవులకి గుంటూరు నుంచి హైదరాబాద్‌లో అక్క వాళ్లింటికి వెళ్లాను. పండుగ పేరు చెప్పాను గానీ, నాకు అసలు చూడాలని ఉంది మక్తా గోడలు.

రాజ్‌భవన్ దగ్గర ఎం.ఎస్. మక్తా అనే బస్తీ ఉంది. 2016-17 ప్రాంతంలో స్టార్ట్ ఇండియా ఫౌండేషన్ వాళ్లు చిత్రకారుల్ని పిలిపించి అక్కడి ఇళ్ల గోడల మీద పెద్ద పెద్ద బొమ్మలు వేయించారు. ఖైరతాబాద్ మెట్రోలో దిగి ఆటో ఎక్కాను. తీరా చూస్తే చాలా చోట్ల రంగు వెలిసిపోయింది. ఒక బొమ్మ మీదుగా కొత్త నీళ్ల పైపు దిగింది. ఫోన్లు పట్టుకుని నాలాంటివాళ్లు ఇద్దరు ముగ్గురు తిరుగుతున్నారు. కొంచెం నిరుత్సాహపడ్డాననే చెప్పాలి.

మెట్ల మీద చిక్కుడుకాయలు ఒలుస్తున్న ఒక ముసలామెని, ఎవరు వేశారమ్మా ఈ బొమ్మ అని అడిగాను.

"ఎక్కడ్నుంచో వచ్చిన పిల్లలు ఏసిన్రు బిడ్డా. కింద ఆ పచ్చ ఆకు మాత్రం మా మనుమడిది."

అరచేయంత ఆకు. అంచు వంకర. లేచి వచ్చి దాని మీది దుమ్ము కొంగుతో తుడిచింది. పైనున్న మిగతా బొమ్మ వైపు కనీసం తలెత్తలేదు.

మర్నాడు సద్దుల బతుకమ్మ. బతుకమ్మని 2014లో రాష్ట్ర పండుగ చేశారు కదా, ట్యాంక్‌బండ్‌కి పోదామా అన్నాను. "అక్కడికి పోతే చూడ్డమేనే. ఇక్కడైతే పేర్చాలి, కూర్చో" అంది అక్క.

అపార్ట్‌మెంట్ కింద పార్కింగ్‌లో చాపలు పరిచారు. రెండో అంతస్తు ఆవిడకీ మూడో అంతస్తు ఆవిడకీ స్కూటీ పెట్టే జాగా దగ్గర గొడవై నెలల తరబడి మాటల్లేవట. అయితే బతుకమ్మకి పేర్చే గునుగు పూలు మొత్తం ఒకరి దగ్గరున్నాయి, వాటికి అద్దే రంగులు ఇంకొకరి దగ్గరున్నాయి. కాసేపు మా అక్క కూతురు ఇటూ అటూ రాయబారం నడిపింది. తర్వాత దానికే విసుగొచ్చి సెల్‌ఫోన్ తీసుకుని పైకి పోయింది. ఇంక వాళ్లే మాట్లాడుకోక తప్పలేదు.

నాకు ఒక వరస అప్పగించారు. గునుగు కాడలు సమంగా కత్తిరించి, కట్ట కట్టి, తెల్లటి కొసలు గులాబీ రంగు నీళ్లలో ముంచి, తాంబాళం చుట్టూ కాడలు లోపలికి ఉండేలా పేర్చాలి. మధ్యలో ఆకులు కూరుతూ పోవాలి. నేను ఆకులు తక్కువ కూరాను. పైన తంగేడు వరస పెట్టేసరికి నా వైపు మొత్తం జారింది. చచ్చేంత సిగ్గేసింది. ఎవరూ ఏమీ అనలేదు. ఒక పెద్దావిడ నా పక్కన చతికిలబడి, "గట్టిగ కూరాలె, గిట్ల" అని నా చెయ్యి పట్టుకుని చూపించింది. ఆమె పేరు అక్కకి కూడా తెలియదట, అదే బిల్డింగ్‌లో ఆరేళ్ల నుంచి ఉంటూ!

సాయంత్రం పసుపు గౌరమ్మని పైన నిలిపి చుట్టూ ఆడాం. నాకు పాటలు రావు. చివర్లో "ఉయ్యాలో" ఒక్కటీ అందుకుంటే చాలన్నారు. చెరువులో వదిలి వచ్చి సత్తుపిండి పంచుకున్నాం.

పొద్దున్నే బస్సుకి దిగేసరికి స్కూటీ గొడవ మళ్లీ మొదలైంది. కాకపోతే ఈసారి "వదినా" అనుకుంటూ తిట్టుకుంటున్నారు. నా వేళ్లకి గులాబీ రంగు ఇంకా వదల్లేదు.