ఇంటిపేరు గడి

పదకొండున్నర దాటింది. రేపు ఉదయం పదింటిలోగా మేనేజరు గారికి ఒక పేజీ నోటు పంపాలి. ఆరేళ్ల విరామం తరువాత మళ్లీ ఉద్యోగం కోసం వచ్చిన ఆవిడను తీసుకుందామని నేను అంటే, రకరకాల మనుషులుంటే కంపెనీకి లాభమేమిటో ఒక అంకెతో చెప్పమన్నారు. దానికంటే, రెండో అభ్యర్థి గురించి ఒక సహోద్యోగి అంతకు ముందు అన్న మాట నన్ను ఎక్కువ బాధించింది. "మనవాడేనండీ, తొందరగా కలిసిపోతాడు" అన్నాడు. గదిలో ఎవరూ ఎదురు చెప్పలేదు. నేనూ చెప్పలేదు.

ఆ "మన" అనేది మన జిల్లానా, మన కాలేజీనా, లేక అడగకుండానే అందరికీ తెలిసిపోయే మరొకటా అన్నది హైదరాబాదు ఆఫీసుల్లో పనిచేసేవారికి విడమరచి చెప్పనక్కరలేదు. నేరుగా కులం అడగడం మర్యాద కాదు కనుక ముందు ఊరు అడుగుతారు, తరువాత ఇంటిపేరు అడుగుతారు. రాత్రి భోజనాల దగ్గర ఈ సంగతి చెబితే అత్తయ్య కూడా "ఆవిడ ఇంటిపేరేమిటమ్మా?" అనే అడిగారు. అత్తయ్య మీద నాకు కోపం రాలేదు, ఇవ్వడానికి ఆవిడ చేతిలో ఉద్యోగాలేమీ లేవు. ఉద్యోగాలు చేతిలో ఉన్నవారు పేరు చూస్తే ఏమవుతుందో ఆర్థికవేత్త సుఖదేవ్ థోరట్, సామాజిక శాస్త్రవేత్త పాల్ అటెవెల్ 2007లో ప్రచురించిన అధ్యయనం చూపించింది. పత్రికల్లో వచ్చిన ప్రైవేటు ఉద్యోగ ప్రకటనలకు ఒకే స్థాయి అర్హతలతో, పేర్లు మాత్రం మార్చి దరఖాస్తులు పంపితే, అగ్రవర్ణ హిందూ పేర్లకు వచ్చినన్ని పిలుపులు దళిత పేర్లకు, ముస్లిం పేర్లకు రాలేదు.

నోటులో మొదట కంపెనీలకు సలహాలిచ్చే మెకిన్సీ సంస్థ 2015 నివేదిక అంకెలే పెట్టాను. నాయకత్వంలో స్త్రీ పురుష వైవిధ్యం బాగా ఉన్న కంపెనీలు తమ రంగపు మధ్యస్థాయిని మించి ఆర్జించే అవకాశం 15 శాతం ఎక్కువ అనీ, జాతి వైవిధ్యం ఉన్నవాటికి 35 శాతం ఎక్కువ అనీ అందులో ఉంది. అడిగింది అంకే కనుక పని అయిపోయిందనుకున్నాను. కానీ 2024లో జెరెమయా గ్రీన్, జాన్ హ్యాండ్ అనే ఇద్దరు అకౌంటింగ్ ప్రొఫెసర్లు అమెరికాలోని ఎస్ అండ్ పి 500 జాబితాలో ఉన్న పెద్ద కంపెనీల లెక్కలు తీసి చూస్తే, ఉన్నతాధికారుల జాతి వైవిధ్యానికీ లాభాలకూ అలాంటి సంబంధం కనబడలేదు. లాభాల్లో ఉన్నందువల్ల అందరినీ తీసుకోగలిగారా, అందరినీ తీసుకున్నందువల్ల లాభాలు వచ్చాయా అన్నది ఎలాగూ ఆ అంకె చెప్పదు. నాకే నమ్మకం లేని అంకెను చూపించి ఒక మనిషికి ఉద్యోగం అడగడం మనస్కరించలేదు. లాభం ఊసే ఎత్తకుండా, ఇది న్యాయం అని ఒక్క మాట రాసి ఊరుకుందామని రెండు పేరాలూ కొట్టేశాను.

కొట్టేశాక, ఖాతాదారుల కోసం మా జట్టు ఒకప్పుడు తయారుచేసిన దరఖాస్తు ఫారం గుర్తుకొచ్చింది. అప్పట్లో జట్టులో తొమ్మిది మందిమి, ఎనిమిది మంది తెలుగువాళ్లం, ఒకతనిది మదురై. అతనికి ఇంటిపేరు లేదు, తండ్రి పేరులోని మొదటి అక్షరం ఒక్కటే ఉంది. మేము తయారుచేసిన ఆ ఫారంలో ఇంటిపేరు గడి తప్పనిసరి, పైగా ఒక్క అక్షరం రాస్తే తీసుకోదు. మా అందరికీ ఆ గడిలో నింపడానికి ఏదో ఒకటి ఉంది కనుక మాకు లోపమేమీ కనిపించలేదు. విడుదలైన వారంలోనే తమిళనాడు ఖాతాదారుల నుంచి ఫోన్లు మొదలయ్యాయి. కొందరు తమ పేరే రెండుసార్లు రాశారు, కొందరు తండ్రి పేరు రాశారు, అది పాన్ కార్డుతో సరిపోలక దరఖాస్తు ఆగిపోయింది. సరిచేయడానికి మాకు రెండు రోజులే పట్టింది కానీ, ఈలోగా వదిలి వెళ్లిపోయినవారు తిరిగి రాలేదు.

నీకు ముందే తెలియలేదా అని ఆ మదురై అతన్ని అడిగాను. మొదటిరోజే చూశానన్నాడు. ప్రతి ఫారంలోనూ అక్కడ ఒక చుక్క పెట్టి సరిపెట్టుకోవడం తనకు అలవాటేననీ, చెబుదామనుకున్న మీటింగు మధ్యలోనే తెలుగులోకి మారిపోయిందనీ, ఆపడం బాగుండదనిపించిందనీ అన్నాడు. ఆ మీటింగు నడిపింది నేనే. ఈ రాత్రి కూడా ఆ మాట అక్కడే గుచ్చుకుంటోంది.

కాబట్టి లాభం మాట ఎత్తకూడదన్న నా నిర్ణయం తప్పు. లాభం ఉంది, అది మా గదిలోనే కూర్చుని ఉంది, మేమే దాన్ని మాట్లాడనివ్వలేదు. ఈవిడ రేపు ఏమి చూస్తారో నేను ముందుగా అంకె కట్టి చెప్పలేను. అతనికి ఇంటిపేరు లేకపోవడం మాకు పనికొస్తుందని అతని ఇంటర్వ్యూలో మాత్రం ఎవరికి తెలుసు? అయితే ముఖ్యమైన నిర్ణయాలన్నీ ఇప్పటిలాగే సాయంత్రం ఆరున్నర మీటింగులో జరిగితే, పిల్లవాడి కోసం ఐదున్నరకే బయలుదేరే ఆవిడ చూసినది కూడా ఆవిడ దగ్గరే ఉండిపోతుంది.

శాతాలు తీసేసి ఫారం సంగతి రాశాను. ఆ వారం ఎన్ని ఫోన్లు వచ్చాయో పొద్దున్నే కాల్ సెంటరు వారిని అడిగి ఆ అంకె వేస్తాను. మీటింగు మూడింటికి మార్చమన్నాను. చివర, ఇంటర్వ్యూకు పిలిచేవారిని ఎంచేటప్పుడు కాగితాల మీద పేర్లు తీసి నంబర్లు వేయాలని ఒక వాక్యం చేర్చాను. మూడుసార్లు తీసి మళ్లీ పెట్టాను. ప్రస్తుతానికి ఉంది.