సున్నుండ, ఎనిమిదో విడత: మూడు ముక్కలు దిగాయి, నాలుగోది అడ్డం పడింది

ఈ ఆదివారం చేసిన సున్నుండలో మొదటి మూడు ముక్కలు హాయిగా దిగాయి. బరువు తగ్గడానికి పొట్టను చిన్న సంచిలా కుదించే గ్యాస్ట్రిక్ బైపాస్ ఆపరేషన్ జరిగిన ఈ 14 నెలల్లో సున్నుండ మూడు ముక్కల దాకా నన్ను ఇబ్బంది పెట్టకుండా లోపలికి పోవడం ఇదే మొదటిసారి కాబట్టి, ఆ సంతోషం పట్టలేక వెంటనే భీమవరంలో ఉన్న అమ్మకు ఫోన్ చేశాను. మాట్లాడుతూనే నాలుగో ముక్క నోట్లో వేసుకున్నాను. అది అడ్డం పడింది. రొమ్ము ఎముక వెనక బొటనవేలితో నొక్కిపట్టినట్టు అదే బరువు, నోటినిండా జిగటగా ఊరే అదే ఉమ్మినీరు. 12 నిమిషాలకు సర్దుకుంది. రెండో విడతలో ఇదే బాధ 40 నిమిషాలు పట్టింది కనుక మెరుగేనని చెప్పాలి, అయినా ఉండ పూర్తి కాలేదు కాబట్టి నా పుస్తకంలో దీన్ని కూడా కుదరని విడతగానే రాసుకున్నాను.

మిగతా ఇష్టమైన తిండ్లతో నాకు ఇంత పోరాటం లేదు. మిరపకాయ బజ్జీ పైపిండి సగం ఒలిచి ఒకటి తింటున్నాను, బిర్యానీలో ముందు కోడిముక్క తిని ఆ తరువాత అన్నం రెండు చెంచాలతో ఆపుతున్నాను, ఆత్రేయపురం పూతరేకు నాలుగో వంతు తుంచుకుంటే అది నాలుక మీదే కరిగిపోతోంది. వాటి గురించి ఇంతకంటే చెప్పడానికేమీ లేదు. పాకంలో మునిగిన తీపి జోలికి మాత్రం వెళ్లను. ఆరో నెలలో సగం గొట్టం కాజా తిన్న 20 నిమిషాలకు వచ్చిన గుండెదడ, చెమటలు, మంచం మీద వాలిపోయిన ఆ గంట నాకు ఇప్పటికీ గుర్తున్నాయి. సున్నుండలో పాకం లేదు, మినుముల మాంసకృత్తులు ఉన్నాయి, పైగా నేను పెద్దమనిషినైనప్పుడూ, బాబు పుట్టినప్పుడూ అమ్మ డబ్బా నిండా చేసి పెట్టిన తీపి అదే. నాకు మిగిలిన తీపి ఒక్కటే అయితే అది సున్నుండే కావాలని పట్టుబట్టడానికి కారణం ఇది.

అమ్మ కొలత కిలో మినప్పప్పుకు ముప్పావు కిలో బెల్లం, అర కిలో నెయ్యి. ఆ లెక్కన ఇంట్లో మామూలుగా కట్టే 45 గ్రాముల ఉండలో బెల్లం 15 గ్రాములు, నెయ్యి 10 గ్రాములు, పిండి 20 గ్రాములు ఉంటాయి. మొత్తం సుమారు 215 కేలరీలు. నేను మొదట్లో పెట్టుకున్న లక్ష్యం 12 గ్రాముల ఉండ, అందులో బెల్లం 3 గ్రాములు మించకూడదు. ఇక్కడి నుంచి ప్రతి విడతా 100 గ్రాముల పిండికి రాస్తున్నాను.

మొదటి విడతలో బెల్లం 37, నెయ్యి 25 గ్రాములకు తగ్గించాను. ఉండ కట్టుకోలేదు. పిడికిట్లో ఉన్నంతసేపూ నిలిచి, పళ్లెంలో పెట్టగానే పగిలి పొడి అయింది.

రెండో విడత గురించి వివరంగా రాయాలి, ఎందుకంటే నాలా ఆపరేషన్ అయిన ప్రతి ఒక్కరికీ మొదట తట్టే ఆలోచన అదే. పిండిలో 30 గ్రాములు తీసేసి, పాల విరుగుడు నీటి నుంచి తీసే, రుచి కలపని వే ప్రోటీన్ పొడి 30 గ్రాములు వేశాను. రోజుకు 60 గ్రాముల ప్రోటీన్ అందుకోవాలని తాపత్రయపడే మాబోటి వారికి కాగితం మీద ఈ లెక్క చాలా బాగుంటుంది, ఉండ కూడా నున్నగా, గట్టిగా కుదిరింది. కానీ నోట్లో పెట్టుకున్నాక ఆ పొడి ఉన్న తడినంతా పీల్చుకుని మైదా జిగురులా అంగిలికి అంటుకుపోయింది. 25 సార్లు నమిలినా ముద్ద పలచబడలేదు, ఇంకా బిగుసుకుంది. మింగాక 40 నిమిషాలు నరకం చూశాను, చివరికి వాంతి అయితే గానీ తెరిపి రాలేదు. మామూలు మనిషి ఇలాంటప్పుడు ఒక గుక్క నీళ్లు తాగి ముందుకు పోతాడు. తినేటప్పుడూ, తిన్నాక అరగంట వరకూ నీళ్లు ముట్టకూడని మనకు ఆ దారి లేదు. ప్రోటీన్ పొడిని మజ్జిగలోనో, చల్లారిన పాలలోనో కలుపుకొని తాగాలి గానీ పిండివంటల్లోకి తేకూడదని నా గట్టి అభిప్రాయం, అది ఏ కంపెనీదైనా సరే.

మూడో విడతలో బెల్లం బదులు ఎరిత్రిటాల్ అనే, చక్కెరకు బదులుగా వాడే తీపి పొడి వేశాను. అది నేతిలో కరగదు, పంటి కింద ఇసుకలా తగులుతూ నాలుకను చల్లబరుస్తుంది. కమ్మగా వేగిన మినప్పిండికీ ఆ చల్లదనానికీ ఏ విధంగానూ పొంతన కుదరలేదు. నాలుగో విడతలో ఖర్జూరం ముద్ద వాడితే ఉండ సాగింది, మూడో రోజుకే వాసన వచ్చింది, పైగా ఖర్జూరంలో ఉన్నదీ చక్కెరే కనుక తగ్గించింది కూడా ఏమీ లేదు. ఈ రెండు దారులూ మూసేశాను.

ఐదో విడత నుంచి తీపిని వదిలిపెట్టి పిండి మీద దృష్టి పెట్టాను. అమ్మ మొదటి వారంలోనే ఫోన్‌లో చెప్పిన మాట నేను పట్టించుకోలేదు. "పిండి మరీ మెత్తగా పట్టకే అమ్మాయ్, అంగిట్లో కరుచుకుంటుంది. పలుకు తగలాలి," అన్నది. అప్పుడు నాకు వేరే ఆలోచన ఉండేది: సంచి చిన్నది కాబట్టి పిండి ఎంత మెత్తగా ఉంటే అంత సులువుగా దిగుతుందనుకుని ప్రీతి మిక్సీలో మూడుసార్లు తిప్పి, మైదా జల్లెడతో జల్లించేదాన్ని. జరిగింది దానికి సరిగ్గా వ్యతిరేకం. మెత్తటి పిండి రేణువులు ఒకదానికొకటి అతుక్కుని ముద్దగా మారుతున్నాయి, పలుకు ఉన్న పిండి అయితే నమిలేకొద్దీ విడిపోతూ ఉమ్మినీటిని లోపలికి రానిస్తోంది. ఆరో విడతలో 30 వంతులు బొంబాయి రవ్వ పాటి పలుకు, 70 వంతులు మెత్తటి పిండి కలిపాను, రెండు ముక్కలు దిగాయి. ఏడో విడతలో పలుకును 50 వంతులకు పెంచితే ఉండ నిలవలేదు.

ఎనిమిదో విడతలో 30 వంతుల దగ్గరకే తిరిగి వచ్చి, వేయించడం మార్చాను. మినుముల్లో ఉండే సహజమైన జిగురు బాగా వేగితే గానీ పోదని, నేను ఇంతవరకూ రంగు చూసి దించుతున్నందువల్ల గింజ లోపల పచ్చిగా మిగిలిపోతోందని నా అనుమానం. అందుకని ఈసారి రంగును నమ్మకుండా తూకాన్ని నమ్మాను. పొట్టు మినప్పప్పు 200 గ్రాములు మందపాటి ఇనుప మూకుడులో సన్నటి సెగ మీద 24 నిమిషాలు వేయించి, చల్లారాక తూస్తే 184 గ్రాములు వచ్చింది. అంతకు ముందు విడతల్లో 12 నిమిషాలకే దించేదాన్ని. అలా వేయించి మిగిల్చిన పప్పును ఈసారి కొత్తగా తూచి, మళ్లీ వేయించి చూస్తే ఇంకా తగ్గింది, అంటే పచ్చితనం నిజంగానే మిగిలి ఉండేదన్నమాట. పొట్టుపప్పు వాసన ముందు తెల్లటి గుళ్లు నిలవవని కూడా ఇక్కడే రాసి పెడుతున్నాను.

ఎనిమిదో విడతలో బెల్లం 60 గ్రాములు, నెయ్యి 45 గ్రాములు. బెల్లం కోరి పిండితో పాటే మిక్సీలో రెండు తిప్పులు తిప్పితే బెల్లం వెచ్చబడి పిండికి పట్టుకుంటుంది, అప్పుడు నెయ్యి కాస్త తక్కువైనా ఉండ నిలుస్తుంది. రోట్లో దంచే రోజుల్లో ఈ పని రోకలి చేసేది. నెయ్యి వేడిగా పోయకుండా, కరిగీ కరగని స్థితిలో కలిపాను. నాకు సంగం నెయ్యి పూస నచ్చుతుంది, అయితే వెన్న కాచి తీసిన ఇంటి నేతి ముందు ఏ డబ్బా నెయ్యీ నిలవదు. మొత్తం 205 గ్రాములకు 12 గ్రాముల ఉండలు 17 వచ్చాయి. ఒక్కో దానిలో బెల్లం మూడున్నర గ్రాములు, మాంసకృత్తులు ఒకటిన్నర గ్రాములు, కేలరీలు 58 దాకా ఉంటాయి.

ఈ లెక్క వేసుకున్నాకే ఒక విషయం కళ్లకు కట్టింది. అమ్మ కొలత ఏమాత్రం మార్చకుండా 12 గ్రాముల ఉండ కట్టినా అందులో బెల్లం 4 గ్రాములే, నెయ్యి 2.7 గ్రాములే. అంటే ఎనిమిది విడతలు తంటాలు పడి నేను ఆదా చేసింది అర గ్రాము బెల్లం. ఆ అర గ్రాము కోసం గొంతులో జారేందుకు ఆధారమైన నేతిని కోసుకుంటూ వచ్చాను. తొమ్మిదో విడతలో కొలత పూర్తిగా అమ్మదే. పలుకు 30 వంతులు, వేపుడు 24 నిమిషాలు మాత్రం నావి.

నాలుగో ముక్క ఎందుకు ఆగిందన్న దానికి మూడు ఊహలు ఉన్నాయి. మాట్లాడుతూ తినడం వల్ల సరిగా నమలలేదు, గాలి కూడా మింగాను, ఇది మొదటిది. రెండోది సమయం: తిన్నది ఉదయం 7 గంటలకు, నాకు పొద్దుటిపూట సంచి బిగుసుకున్నట్టు ఉంటుంది, గుడ్డు కూడా ఆ వేళ సరిగా దిగదు, సాయంత్రమైతే అదే గుడ్డు సులువుగా పోతుంది. మూడోది, మూడు ముక్కలు కలిసి అప్పటికే 9 గ్రాముల పొడి ఉండ లోపల ఉంది, అది తడిసి కిందికి జారే లోపలే నాలుగోది పంపాను. ముక్కకూ ముక్కకూ మధ్య రెండు నిమిషాలే విరామం ఇచ్చాను, అది చాలలేదేమో. డైటీషియన్‌కు ఈ వివరాలన్నీ చూపించాను. అన్నిరకాల తిండీ ఇలాగే ఆగుతుంటే కుట్టు వేసిన చోట ఇరుకైందేమో ఎండోస్కోపీతో చూడాల్సి వచ్చేదని, నాకు ఎక్కువగా సున్నుండే ఆగుతోంది కాబట్టి నిదానంగా నమలడం మీద దృష్టి పెట్టమని, అడ్డం పడ్డ రోజున ఇక ఏదీ బలవంతంగా మింగవద్దని ఆవిడ చెప్పారు.

తొమ్మిదో విడత కూడా పొడిగా నిలిస్తే, పదోదానిలో తినబోయే ముందు ఉండ మీద చెంచాడు మీగడ రాసి చూడాలని ఉంది. మీగడ నీళ్లు కాదు కాబట్టి నియమం తప్పినట్టు కాదు. సంక్రాంతికి రూపాయి బిళ్లంత అరిసెల మీద పడాలని కూడా మనసులో ఉంది, కానీ అక్కడ పాకమూ నూనె రెండూ ఉన్నాయి, ముందు ఇది తేలాలి. శనివారం రాత్రి పప్పు వేయించి పెట్టుకుంటాను. ఆదివారం సాయంత్రం 5 గంటలకు, ఫోన్ పక్క గదిలో పెట్టి, ముక్కకూ ముక్కకూ మధ్య ఐదు నిమిషాలు ఆగుతూ, ఒక్క ఉండ.