'బై' చెప్పడం ఇంకా రాలేదు: ఆరో వారం

ఇంగ్లిష్ పలకరింపులకు రెండు వారాలు చాలనుకున్నాను. ఆరో వారం నడుస్తోంది. పలకరించడం వచ్చింది కానీ సెలవు తీసుకోవడమే ఇంకా చేతకావట్లేదు.

1వ వారం: హలో, హాయ్, గుడ్ మార్నింగ్ రానివాళ్లెవరు అనుకుంటూ మొదలుపెట్టాను. మొదటిరోజే తప్పు బయటపడింది. రాత్రి 8 గంటలకు ఎవరితో మాట్లాడినా 'గుడ్ నైట్' అనేసేవాణ్ణి. అది విడిపోయేటప్పుడు అనే మాట. చీకటి పడ్డాక కలిసినా పలకరింపు 'గుడ్ ఈవినింగే'. అన్నట్టు, ఫోన్ ఎత్తగానే 'అహోయ్' అనాలన్నది గ్రాహం బెల్ కోరిక. 1877లో ఎడిసన్ సూచించిన 'హలో'యే నిలిచింది. నా అదృష్టం!

2, 3 వారాలు: వీటిని పూర్తిగా 'హౌ ఆర్ యూ' తినేసింది. 'ఐ యామ్ ఫైన్, థాంక్యూ' తప్పు కాదు. అక్కడితో ఆగిపోతేనే ఇబ్బంది, బంతి మన దగ్గరే ఉండిపోతుంది. తిరిగి అడగాలి: 'గుడ్, థాంక్స్. హౌ ఆర్ యూ?' ముందు అడిగేవాళ్లు సాధారణంగా 'ఆర్' ఒత్తి పలుకుతారు, తిరిగి అడిగేటప్పుడు ఒత్తు 'యూ' మీదకు మారుతుంది. ఫోన్‌లో రికార్డ్ చేసుకుని వింటే నేను మూడు మాటలూ ఒకే బరువుతో, హాజరు పిలిచినట్టు అంటున్నాను. రోజూ 10 నిమిషాలు ఆడియో వెంటే పలుకుతూ పోతే పన్నెండో రోజుకి కాస్త దారికొచ్చింది.

'నైస్ టు మీట్ యూ' మొదటి పరిచయానికే. తర్వాత కలిసినప్పుడు 'మీట్' తీసేసి 'సీ' పెట్టాలి. 'వాట్సప్'కి 'నాట్ మచ్' చాలు, దినచర్య అంతా చెప్పనక్కర్లేదు. నేను చెప్పాను.

4వ వారం నుంచి: అసలు టెన్షన్ ఇక్కడే. ఆన్‌లైన్‌లో నాతో ప్రాక్టీస్ చేసే ఆయనకి 'ఓకే, బై' అని ఠక్కున పెట్టేశాను. మర్నాడు "కోపమొచ్చిందా?" అని అడిగారు. అప్పుడు ఇద్దరు మాట్లాడుకునే క్లిప్పులు వెతికి, చివరి నిమిషం మాత్రమే మళ్లీ మళ్లీ విన్నాను. ముందు 'ఎనీవే' అనో 'వెల్' అనో స్వరం దించుతారు. తర్వాత 'ఐ షుడ్ గెట్ గోయింగ్'. ఆ తర్వాత 'నైస్ టాకింగ్ టు యూ', 'టేక్ కేర్'. అప్పుడు గానీ 'బై' రాదు. వీటిని నోట్‌బుక్‌లో మెట్లుగా రాసుకున్నాను.

'సీ యూ లేటర్' అంటే "ఎన్నింటికి?" అని అడిగిన ఘనుణ్ణి నేను. అది మన 'వెళ్లొస్తా' లాంటిదే, వస్తామన్న మాట ఇచ్చినట్టు కాదు. 'గుడ్‌బై' మాత్రం రోజువారీ మాటల్లో కాస్త బరువుగా అనిపిస్తుంది. 'దేవుడు నీకు తోడుండుగాక' అనే పాత వాక్యం అరిగి అరిగి అలా మారింది మరి.

నిన్న 'ఎనీవే' మొదటిసారి నేనే ముందు అన్నాను. ఆయన దాన్ని పట్టించుకోకుండా కొత్త కబురు మొదలుపెట్టారు. ఇంకో 20 నిమిషాలు పట్టింది.