మా ఆయన డైవింగ్ చేయరు, అయినా పడవెక్కారు

డైవింగ్ పడవలో సెలవు గడుపుదామని నేనంటే మా ఆయన అడిగిన మొదటి మాట, "నువ్వు కింద చేపలు చూస్తా ఉంటే, నేను పైన ఏం జేయాల?" న్యాయమైన ప్రశ్నే. పడవలోనే పడక, పడవలోనే తిండి, పొద్దున లేస్తే డైవింగ్. లివ్‌అబోర్డ్ అంటే అదే. డైవర్లకు అంతకన్నా కావలసింది లేదు. డైవ్ చేయని మనిషికి మాత్రం అది చుట్టూ నీళ్లున్న లాడ్జి గది అయిపోవచ్చు. కానీ లెక్క వేసి చూస్తే, ఒక్కో డైవ్ సుమారు గంట. రోజుకు మూడు చేసినా నేను నీటి అడుగున ఉండేది మూడు గంటలే. మిగతా ఇరవై ఒక్క గంటలు నేనూ ఆయనతో పాటు పైనే ఉంటాను. అందుకని నీటి పైన ఏముందో చూసి పడవ ఎంచుకుందామన్నాను. ఆ ఎంచుకునే పని కూడా ఆయనకే అప్పజెప్పాను.

మేముండేది బెంగళూరులో, మారతహళ్లి దగ్గర. నేను భీమిలి పిల్లని. సముద్రం పక్కనే పెరిగినా డైవింగ్ నేర్చుకున్నది సముద్రం లేని ఈ ఊరికి వచ్చాకే. ఇక్కడ వారాంతాల్లో స్విమ్మింగ్ పూల్‌లో పాఠాలు చెబుతారు, ఆ తర్వాత మురుడేశ్వర్ దగ్గరి నేత్రాణి దీవికో పుదుచ్చేరికో తీసుకెళ్లి నీళ్లలో దింపుతారు. మా ఆయనది పాత అనంతపురం జిల్లా. నీళ్లంటే భయమేమీ లేదు కానీ, వెయ్యి అడుగుల బోరు వేసినా చుక్క పడని ఊళ్లో పుట్టిన మనిషికి డబ్బులిచ్చి మరీ నీళ్లలో మునగడం ఎందుకో అర్థం కాదు.

నా మనసులో ముందు ఉన్నది ఈజిప్టు. ఎర్ర సముద్రంలో బ్రదర్స్, డేడలస్, ఎల్ఫిన్‌స్టోన్ అనే మూడు చోట్లు కలిపి చేసే రూటు డైవర్లందరి నోటా వినిపించేదే. ఆయన మ్యాప్ తెరిచి చూశారు. నడిసముద్రంలో పగడపు దిబ్బ, దాని మీద ఒక లైట్‌హౌస్, అంతే. కొట్టేశారు. థాయ్‌లాండ్‌లోని సిమిలాన్ దీవులు కాస్త నచ్చాయి. బెంగళూరు నుంచి ఫుకెట్‌కు నేరుగా విమానం ఉంది, ఆ నేషనల్ పార్కు అక్టోబరు 15 నుంచి మే 15 దాకా తెరిచి ఉంటుంది, రెండు దీవుల్లో దిగి తెల్లటి ఇసుకలో నడవొచ్చు. అయితే పడవ అక్కడితో ఆగదు, ఉత్తరాన రిచెలూ రాక్ దాకా పోతుంది. డైవర్లకు అది పుణ్యక్షేత్రం. పైనున్నవాళ్లకు కనిపించేది నీళ్లలోంచి కాస్త తల చూపించే ఒక రాయి. ఇండోనేషియాలోని కొమొడో అయితే ఆయనకు బాగా పట్టింది. బల్లుల్లో కెల్లా పెద్దవి కొమొడో డ్రాగన్లు, వాటిని దగ్గరగా చూడొచ్చు. పాడార్ దీవిలో కొండెక్కొచ్చు. కానీ మాకు సెలవు దొరికేది ఫిబ్రవరిలో. అక్కడ అది వానాకాలం.

అలా మిగిలింది మాల్దీవులు. హనీమూన్ జంటల ఫొటోలు చూసీ చూసీ నాకు ఆ పేరంటేనే మొహం మొత్తింది. కానీ ఆయన చెప్పిన కారణాలకు ఎదురు చెప్పలేకపోయాను. బెంగళూరు నుంచి రెండు గంటల చిల్లర ప్రయాణం. వీసా అక్కడ దిగాక ఉచితంగా ఇస్తారు. ఫిబ్రవరిలో ఈశాన్య గాలులు, సముద్రం నెమ్మదిగా ఉంటుంది. అన్నిటికన్నా ముఖ్యం, అక్కడి పడవల ఏర్పాటే వేరు. సిలిండర్లు, వాటిలో గాలి నింపే కంప్రెసర్, తడి బట్టలు, ఆ గోలంతా ధోనీ అనే ఇంకో చిన్న పడవలో ఉంటుంది. డైవర్లు దాంట్లో ఎక్కి వెళ్లిపోతారు. పెద్ద పడవ నిశ్శబ్దంగా, పొడిగా, డైవ్ చేయనివాళ్ల వశమైపోతుంది. పైగా అక్కడి దీవుల మధ్య దిబ్బలు ఎక్కువ కాబట్టి రాత్రిళ్లు లంగరేసి ఆపేస్తారు, నిద్ర పడుతుంది.

అటాల్ అంటే పగడపు దిబ్బ వలయంలా చుట్టిన దీవుల గుంపు. బా అటాల్‌లో హనిఫారు అనే చోటుంది. 2011లో యునెస్కో ఆ అటాల్‌ను బయోస్ఫియర్ రిజర్వ్‌గా గుర్తించింది. రెక్కల్లాంటి వెడల్పు ఒళ్లున్న మాంటా రే చేపలు గుంపులు గుంపులుగా మేతకొచ్చే ఆ మడుగులో సిలిండర్‌తో దిగడం నిషేధం, మాస్క్ పెట్టుకుని పైన తేలుతూ చూడాల్సిందే. భార్యాభర్తలిద్దరికీ సమాన హక్కులున్న చోటన్నమాట. కానీ అవి వచ్చేది మే నుంచి నవంబరు వరకు, నైరుతి గాలుల్లో సముద్రం పొంగే రోజుల్లో. ఇద్దరం కాసేపు ఊగి, ఫిబ్రవరికే కట్టుబడ్డాం.

రూటు విషయంలో నేను ఒక ఆశ వదులుకున్నాను. దక్షిణాన దూరపు అటాల్‌లలో సొరచేపలు ఎక్కువ, కానీ అక్కడ డైవింగంతా కాలువల్లోనే. అటాల్ లోపలికీ బయటికీ నీళ్లు పారే ఆ కాలువల్లో ప్రవాహం జోరు, పైన తేలేవాళ్లను ఎటో లాక్కుపోతుంది. అందుకని మాలే నుంచి బయల్దేరి రస్‌ధూ, అరి, వావు అటాల్‌లు చుట్టి వచ్చే మామూలు రూటే తీసుకున్నాం.

ఆ తర్వాత మొదలైంది అసలు తంతు. డైవర్‌గా నేను ఏజెంట్లను అడిగేవి నైట్రాక్స్ (ఆక్సిజన్ పాలు ఎక్కువున్న గాలి) ఉచితమా, గైడుకు ఎంతమంది లాంటివి. ఆయన అడిగినవి నా బుర్రకు ఎప్పుడూ తట్టనివి. రాత్రి అందరూ పడుకున్నాక మెలకువగా తిరిగే కాపలా మనిషి ఉన్నాడా? కింది డెక్‌లోని కేబిన్ల నుంచి బయటపడడానికి రెండు దారులున్నాయా, రెండోది ఎక్కడ తేలుతుంది? కెమెరా బ్యాటరీలు, టార్చిలు ఎక్కడ ఛార్జింగ్ పెడతారు? ఎందుకండీ ఇవన్నీ అంటే, 2019 సెప్టెంబరులో కాలిఫోర్నియా తీరంలో తగలబడిన కన్సెప్షన్ అనే డైవింగ్ పడవ గురించి చదివి వినిపించారు. కింది డెక్‌లో నిద్రపోతున్న 34 మందిలో ఒక్కరూ బతకలేదు. రాత్రి తిరిగే కాపలా లేకపోవడాన్ని విచారణలో పెద్ద లోపంగా తేల్చారు. 2024 నవంబరులో ఎర్ర సముద్రంలో మునిగిన సీ స్టోరీ అనే పడవ సంగతి కూడా తీశారు. ఆ సాయంత్రం నాకు కాఫీ సహించలేదు.

ఇవి అయ్యాక మామూలు ప్రశ్నలు. స్నార్కెలింగ్, అంటే మాస్క్‌తో పైన తేలుతూ చూడడం, చేసేవాళ్లకు విడిగా గైడు, విడిగా చిన్న బోటు ఉన్నాయా, లేక డైవర్లను దింపేశాక తీరిక ఉంటే చూస్తామంటారా? వారంలో ఎన్నిసార్లు కాలు నేల మీద పెట్టనిస్తారు? డైవ్ చేయనందుకు ఎంత తగ్గిస్తారు? ఒక ఏజెంటు దేనికీ జవాబివ్వకుండా "ఫ్యామిలీకి చాలా బాగుంటుంది సార్" అని జకూజీ ఫొటో పంపాడు. ఇంకొకామె ఒక్కో ప్రశ్న కింద ఒక్కో జవాబు రాసి, డెక్ ప్లాన్ మీద అత్యవసర ద్వారం ఎక్కడుందో గీత గీసి మరీ పంపింది. ఆమె చెప్పిన పడవ కొంచెం పాతది, ధర కొంచెం ఎక్కువ. అదే ఖాయం చేశాం. పర్యాటకుల దగ్గర అక్కడి ప్రభుత్వం తీసుకునే గ్రీన్ టాక్స్ అదనం అనీ ఆమే ముందుగా చెప్పింది. 2025 నుంచి అది పడవల్లో మనిషికి రోజుకు 12 డాలర్లు.

కేబిన్ దగ్గర మళ్లీ బేరం. పై డెక్‌లో పెద్ద కిటికీ, వెలుతురు. కింద నడిమి కేబిన్‌లో గుండ్రటి చిన్న కిటికీ, కానీ పడవ అక్కడ తక్కువ ఊగుతుంది. పగలంతా ఉండేది ఆయన, కాబట్టి కిటికీయే గెలిచింది.

ఆయనకు ఈత రాదు. ఈత నేర్చుకునేంత వ్యవధీ లేదు. మాస్క్, గొట్టం పెట్టుకుని మొహం నీళ్లలో ఉంచి ఊపిరి తీయడం వస్తే చాలు, మిగతాది లైఫ్ జాకెట్ చూసుకుంటుంది. మా అపార్ట్‌మెంట్ పూల్‌లో సాయంత్రాలు దిగారు. నాలుగున్నర అడుగుల లోతు, తలకు తప్పనిసరి టోపీ, చుట్టూ పిల్లలు. "అంకుల్, అందులో ఏం కనిపిస్తోంది?" అని ఒకడు. "టైల్స్ కనబడతాండాయి నాయనా" అని ఈయన. మాస్క్‌లోకి నీళ్లు కారుతుంటే మీసం కారణమని నేను కనిపెట్టాను. ముక్కు కింద సందు పడుతోంది. మీసం తీసేయమంటే, డబ్బులు వెనక్కి తెమ్మన్నారు. చివరికి మీసం పై అంచును ఒక గీతంత గొరిగించి, వేజలీన్ రాస్తే నీళ్లు ఆగాయి.

ఫిబ్రవరిలో బయల్దేరాం. బ్యాగులో ఆయన కందిపొడి, నా డైవ్ కంప్యూటర్, ఇద్దరికీ సరిపడా, కడుపు తిప్పకుండా వేసుకునే ఆవోమిన్ మాత్రలు. మాలేలో గడియారం అరగంట వెనక్కి తిప్పుకుని పడవెక్కాం. ఆయన మొదట చేసిన పని అత్యవసర ద్వారం తెరుచుకుంటుందో లేదో చూడడం. తెరుచుకుంది.

నా రోజు ఆరింటికి మొదలయ్యేది. చీకటి విడుతుండగా బ్రీఫింగ్, డైవ్, టిఫిను, మళ్లీ డైవ్, భోజనం, మళ్లీ డైవ్. రస్‌ధూలో హామర్‌హెడ్ అనే సుత్తి తల సొరచేప కోసం నీలి నీళ్లలోకి కళ్లు చిట్లించుకుని చూశాను, దూరంగా ఒక నీడ, అంతే. మాయా తిలా అనే దిబ్బ దగ్గర మాత్రం రాత్రి డైవ్‌లో తెల్ల మొన సొరచేపలు కాళ్ల పక్కనుంచే పోయాయి. డైవింగ్ గురించి ఇంతకన్నా చెబితే నేను ఆగను.

ఆయన రోజు వేరు. టిఫిన్‌కు మాస్ హుని పెట్టేవారు. ట్యూనా, కొబ్బరి తురుము, ఉల్లి, మిర్చి కలిపిన ముద్ద, పక్కన రోషి రొట్టె. దాని మీద కందిపొడి చల్లుకుని తింటుంటే శ్రీలంక వంటాయన రుచి చూసి కాస్త అడిగి పెట్టుకున్నాడు. పది గంటలకు గైడు కుర్రాడు చిన్న బోటులో ఏదో ఒక దిబ్బ దగ్గరకు తీసుకెళ్లేవాడు. లోతు తక్కువ, ఎండ నేరుగా పగడాల మీద పడుతుంది. నేను ముప్పై మీటర్ల దగ్గర నీలిబూడిద రంగులో చూసిన చేపలను ఆయన అసలు రంగుల్లో చూసేవారు. ఎరుపు రంగు నీళ్లలో కొద్ది మీటర్లకే కరిగిపోతుంది మరి. సాయంత్రం కెప్టెన్‌తో కూర్చుని ఉత్త దారంతో చేపలు పట్టడం అలవాటైంది. ఆయన పట్టినవి రాత్రి భోజనంలో వచ్చేవి, ఏ ముక్క తనదో వేలు పెట్టి చూపించేవారు.

ఫెస్‌ధూ దగ్గర లంగరేసిన రాత్రి పడవ వెనక పెద్ద లైటు నీళ్లలోకి వేశారు. వెలుగుకు ప్లాంక్టన్, అంటే నీళ్లలో తేలే చిన్న చిన్న జీవాలు, చేరుతుంది, దాని కోసం మాంటాలు వస్తాయి. మేము అడుగున మోకాళ్ల మీద కూర్చుని పైకి చూస్తుంటే, అవి మా తలల మీదుగా పల్టీలు కొట్టాయి. నేను పైకొచ్చి వర్ణించబోతే, "అన్నీ చూసినాలే, ఈడ కుర్చీలో కూర్చుని" అన్నారు.

దక్షిణ అరిలో చేపల్లోకెల్లా పెద్దవైన వేల్ షార్క్‌లు ఏడాది పొడుగునా ఉంటాయి. ఎక్కువగా ఐదారు మీటర్ల పిల్ల మగవి, పైపైనే ఈదుతాయి, కాబట్టి డైవర్లూ సిలిండర్లు పక్కనపెట్టి మాస్క్‌తోనే దూకుతారు. ధోనీ కప్పు మీద నిలబడి సిబ్బంది నీళ్లు గాలిస్తుంటే పొద్దంతా గడిచేలా ఉంది. ఒక్కసారిగా కేక. అందరం దూకాం. ముట్టుకోకూడదు, ముందుకు అడ్డం పోకూడదు అని ముందే చెప్పారు. అది తోక ఒక్కసారి ఊపితే మేము పదిసార్లు కాళ్లు కొట్టాలి. మా దమ్మంతా అయిపోయింది. ఆయన వెనకాల లైఫ్ జాకెట్‌తో, గైడు పట్టుకున్న ట్యూబుకు వేలాడుతూ ఉండిపోయారు. ఆ చేప మమ్మల్ని వదిలేసి, ఒక చుట్టు తిరిగి, నేరుగా ఆయన వైపే వెళ్లింది. పక్కనుంచి నెమ్మదిగా సాగిపోయిందట, వీపు మీద చుక్కలు, పొట్ట కింద అంటుకున్న చిన్న చేపలతో సహా. పడవెక్కాక ఆయన ఒకటే మాట: "అంత పెద్ద మనిషికి ఆ కన్ను చూసినావా, ఎంత చిన్నదో!" నేను చూడలేదు. నేను చూసింది తోకే.

అరి నుంచి వావుకు అటాల్ దాటి బయటి సముద్రంలో పోయేటప్పుడు పడవ ఊగింది. ఆయన ముందురోజు రాత్రే మాత్ర వేసుకుని హాయిగా గురకపెట్టారు. బకెట్ పట్టుకుని కూర్చున్నది నేను.

చివరి డైవ్‌కూ విమానానికీ మధ్య ఒక రోజంతా ఖాళీ వదులుతారు. రోజుల తరబడి డైవ్ చేశాక కనీసం 18 గంటలు విమానం ఎక్కకూడదు, ఒంట్లో మిగిలిన నైట్రోజన్ బుడగలు కడుతుంది. ఆ రోజు పూర్తిగా ఆయనది. మాలేలో 1658లో పగడపు రాళ్లతో కట్టిన హుకురు మిస్కీ మసీదు చూశాం. రాతి చెక్కడం దగ్గర ఆయన చాలాసేపు నిలబడ్డారు, లేపాక్షి మనిషి కదా. చేపల మార్కెట్‌లో ట్యూనా కోసేవాడి చేతి వేగాన్ని వీడియో తీశారు. 2018లో తెరిచిన సినామాలే వంతెన మీదుగా ఎయిర్‌పోర్టుకు చేరాం.

ఇప్పుడు చెన్నైలో ఉండే మా ఆడపడుచు ఫోన్ చేసి, "వదినా, మేమూ అదే పడవ ఎక్కుతాం" అంటోంది. వాళ్లాయన డైవర్. ఆమెకు తిరుమల ఘాట్ రోడ్డులోనే కడుపులో తిప్పుతుంది. వద్దన్నాను. దక్షిణ అరిలోనే ధిగురా అనే ఊళ్లో గెస్ట్‌హౌస్‌లు ఉన్నాయి. మేము పడవ దిగి నడిచిన ఊరే అది, చివర పొడుగాటి ఇసుక తిప్ప ఉంది. వాళ్లాయన పొద్దున బోటులో వెళ్లి రెండు డైవ్‌లు చేసి భోజనానికి వచ్చేయొచ్చు, ఆమె ఊళ్లో నడవొచ్చు, వేల్ షార్క్ బోట్లు అక్కణ్నుంచీ పోతాయి. జనం ఉండే దీవి కాబట్టి పద్ధతైన బట్టలు వేసుకోవాలి, మందు మాత్రం దొరకదు. ఆ చివరి మాట దగ్గర వాళ్లాయన గునుస్తున్నాడట. అది వాళ్లిద్దరూ తేల్చుకోవాలి.