కందిరీగలున్నాయి, మాట్లాడకండి

31 మంది తొమ్మిదో క్లాసు పిల్లల్ని ఒక్కసారిగా నోరు మూయించడం 22 ఏళ్ల సర్వీసులో నా వల్ల కాలేదు. శ్రీలంకలో సిగిరియా అనే కొండకోట దగ్గర కందిరీగల వల్ల అయింది. కొండ మెట్ల పక్కన బోర్డు పెట్టారు: గోల చేస్తే కందిరీగలు లేచి మీద పడొచ్చు, కదలకుండా, మాట్లాడకుండా ఉండండి అని. మా వాళ్లు దాన్ని రెండుసార్లు చదువుకుని, చెప్పులు చప్పుడవకుండా పిల్లుల్లా ఎక్కారు. క్లాసులోనూ అలాంటి బోర్డొకటి తగిలిద్దామా అని సైన్సు సార్ నా చెవిలో అన్నారు.

ఈ ట్రిప్ మొదలవ్వక ముందే సగం అలసిపోయాను. పేరెంట్స్ మీటింగులో శ్రీలంక అనగానే ఒక నాన్నగారు "సింగపూర్ అయితే పిల్లలకి ఎక్స్‌పోజర్ వచ్చేది కదా మేడం" అన్నారు. సింగపూర్‌లో మాల్స్ చూస్తారు సార్, అవి విజయవాడలోనూ ఉన్నాయి అన్నాను. ఆయన నవ్వలేదు. ఒక నానమ్మగారి బాధ వేరు. "లంకకా? సీతమ్మ తల్లి ఏడ్చిన చోటికి ఆడపిల్లని పంపమంటావా అమ్మా?" ఆవిడకి ఏం చెప్పాలో నాకు తోచలేదు. నువర ఎలియ దగ్గర సీత ఎలియ గుళ్లో ప్రసాదం తెచ్చి పెడతానని మాట ఇచ్చాను. తెచ్చాను కూడా.

గుంటూరు నుంచి రాత్రంతా బస్సులో చెన్నై, అక్కణ్ణుంచి గంటన్నర కూడా పట్టని విమానం. కటునాయక ఎయిర్‌పోర్టులో డబ్బు మార్చుకోగానే పిల్లలు జమీందార్లయిపోయారు. మన వెయ్యికి వాళ్ల రూపాయలు మూడు వేల పైన వచ్చాయి మరి. ఆ జమీందారీ మొదటి ఐస్‌క్రీమ్ షాపు దాకానే.

మొదట పాత రాజధాని అనురాధపురం. నేను చూపించాలని తహతహలాడింది జేతవన స్తూపం. మూడో శతాబ్దంలో మహాసేనుడు మొదలుపెట్టించాడు. కట్టినప్పుడు ఎత్తు 122 మీటర్లు, ఇప్పుడు మిగిలింది 71. లోపల 9 కోట్లకు పైగా ఇటుకలున్నాయని గైడ్ చెప్పగానే, వాళ్ల నాన్న బిల్డరైన కుర్రాడు ఫోన్‌లో కాలిక్యులేటర్ తీశాడు. ఒక్కో ఇటుక ధర, లారీ కిరాయి, మేస్త్రీ కూలీ అన్నీ వేసుకుని "ఈ ప్రాజెక్టు లాస్ టీచర్" అని తేల్చాడు.

అక్కడ గుడి మెట్ల ముందు అర్ధచంద్రాకారంలో ఒక రాయి ఉంటుంది. దాన్ని సందకడ పహణ అంటారు, మన మాటలో చంద్రశిల. ఏనుగులు, గుర్రాలు, సింహాలు, ఎద్దులు వరసగా చెక్కి ఉంటాయి. ఇలాంటి రాయి మీరు చూశారు, ఎక్కడో చెప్పండి అన్నాను. ఎవరూ చెప్పలేదు. నాగార్జునకొండ! గతేడాది విజయపురి సౌత్ నుంచి లాంచీలో తీసుకెళ్తే చిప్స్ తిని నిద్రపోయిన బ్యాచ్ ఇదే. ఇక్ష్వాకుల కాలంలో, మూడో శతాబ్దంలో, బోధిసిరి అనే ఉపాసిక, అంటే బౌద్ధ భక్తురాలు, అక్కడ ఏమేం కట్టించిందో శాసనంలో రాయించుకుంది. లంక నుంచి వచ్చే భిక్షువుల కోసం చైత్యగృహం, అంటే పూజామందిరం, కట్టించానని అందులో ఉంది. సీహళ విహారం, అంటే సింహళ భిక్షువుల మఠం, ప్రస్తావన కూడా ఉంది. అప్పటి లంక వాళ్లకి మన కృష్ణ ఒడ్డున సొంత విడిది ఉండేదన్నమాట. ఇది చెప్పినప్పుడు నలుగురు విన్నారు. ఎండకి రాయి కాలి మిగతావాళ్లు ఒంటికాలి మీద గెంతుతున్నారు. గుళ్లోకి చెప్పుల్లేకుండా వెళ్లాలి, కాబట్టి మేజోళ్లు తెచ్చుకోమని లిస్టులో రాశాను. ఎవరు చదివారు?

సిగిరియా దారిలో కళావెవ చెరువు దగ్గర పది నిమిషాలు ఆగుదామనుకుని గంట ఉన్నాం. వెవ అంటే చెరువు. అయిదో శతాబ్దంలో ధాతుసేనుడు కట్టించాడు. ఇక్కణ్ణుంచి అనురాధపురానికి 87 కిలోమీటర్ల కాలవ తవ్వారు. మొదటి 17 మైళ్లలో దాని వాలు మైలుకి ఆరంగుళాలే. తెనాలి వైపు నుంచి వచ్చే ఒక పిల్ల "మా తాతయ్య పొలం కాలవ చివర, నీళ్లు రావు, వీళ్లకెలా వచ్చాయి?" అని గైడ్‌ని పట్టుకుంది. సోషల్ మేడమ్‌ని నన్నొదిలేసి ఆయన్ని అడిగిందని కాస్త కుళ్లుకున్నాను. ధాతుసేనుడి కథ వాళ్ల చరిత్ర గ్రంథంలోనే ఉంది. కొడుకు కాశ్యపుడు తండ్రిని బంధించి, దాచిన ధనమంతా చూపించమన్నాడు. తండ్రి ఈ చెరువుకి తీసుకొచ్చి, దోసిట్లో నీళ్లు పట్టుకుని, నాకున్న ఆస్తి ఇదే అన్నాడు. కొడుకు ఆయన్ని చంపించి, భయంతో సిగిరియా కొండ మీద కోట కట్టుకున్నాడు. చెరువు కథ విని ఎక్కితే ఆ కొండ వేరేగా కనిపిస్తుంది. పైన కోట వాకిలిగా కట్టిన సింహానికి పాదాలు రెండే మిగిలాయి. కింద ఉద్యానంలో ఫౌంటెన్లు వానాకాలంలో ఇప్పటికీ పనిచేస్తాయట. మధ్యలో అద్దంలా మెరిసేదట ఒక గోడ, దాని మీద వెయ్యేళ్ల కిందట వచ్చినవాళ్లు పద్యాలు గీశారు. పరణవితాన అనే పండితుడు అందులో 685 చదివి 1956లో అచ్చువేశాడు. "అంటే గోడల మీద రాస్తే తప్పు కాదా టీచర్?" వెయ్యేళ్లు ఆగితే కాదు నాన్నా అన్నాను.

సిగిరియా సంగతి ఇంకొకటి ఉంది, దాన్ని చివరకు ఉంచుతాను.

తర్వాత ఇంకో పాత రాజధాని పొలన్నరువలో గల్ విహారం, రాతిలో చెక్కిన బుద్ధ విగ్రహాలు. పడుకున్న బుద్ధుడు 14 మీటర్లుంటాడు. ఒకమ్మాయి విగ్రహానికి వీపు పెట్టి సెల్ఫీ తీసుకోబోతే కాపలావాళ్లు గట్టిగా అరిచారు. అక్కడ బుద్ధుడికి వీపు చూపించి ఫోటో దిగకూడదు. ముందే చెప్పాల్సింది నేను, మర్చిపోయాను. ఆ పిల్ల మధ్యాహ్నం దాకా అన్నం తినలేదు.

కాండీలో మావాళ్లకి హఠాత్తుగా దేశభక్తి పొంగింది. 1739లో అక్కడి రాజు వారసుడు లేకుండా పోతే, మదురై నాయక రాజుల బంధుకుటుంబం నుంచి వచ్చిన రాణి తమ్ముడు గద్దెక్కాడు. ఆ వంశంలో నలుగురు, 76 ఏళ్లు. నాయకులు అంటే తెలుగు మూలాలున్నవాళ్లే. హిందూ కుటుంబంలో పుట్టి బౌద్ధాన్ని పోషించారు. కీర్తిశ్రీ రాజసింహుడైతే సియాం నుంచి, అంటే ఇప్పటి థాయ్‌లాండ్ నుంచి, భిక్షువుల్ని రప్పించి, ఆగిపోయిన ఉపసంపదని, అంటే పూర్తి భిక్షు దీక్షని, 1753లో మళ్లీ మొదలుపెట్టించాడు. ఇంత చెప్పేసరికి బస్సులో "మన రాజు, మన రాజు" అని గోల. కాండీ సరస్సు తవ్వించింది చివరివాడు శ్రీవిక్రమ రాజసింహుడని తెలిసి, మన రాజు సరస్సులో బోటింగుకి డబ్బులెందుకని ఒకడు వాదించాడు.

అప్పుడు గైడ్ నెమ్మదిగా మిగతా కథ చెప్పాడు. ఎహెలేపొల అనే మంత్రి తిరగబడితే, 1814లో అతని భార్యాపిల్లల్ని ఈ రాజు చంపించాడు. పెద్దవాడు భయపడి అమ్మ వెనక్కి వెళ్తే, చిన్నవాడు మద్దుమ బండార ముందుకొచ్చి తల వంచాడట. వాళ్లకిది పసిపిల్లలకీ తెలిసిన కథ. బస్సులో ఎవరూ మాట్లాడలేదు, ఈసారి కందిరీగల్లేవు. తర్వాతి ఏడాదే ఇంగ్లీషువాళ్లు రాజుని పట్టుకుని మన వేలూరు కోటకి పంపారు, 1832లో అక్కడే పోయాడు. మన రాజా కాదా అని తర్వాత ఎవరూ అడగలేదు. అడిగితే ఏం చెప్పేదాన్నో.

నువర ఎలియలో చలి, తేయాకు, పొగమంచు, రైలు ప్రయాణం. అందరూ ఫోటోలు పెట్టేవే కాబట్టి నేను రాయను. 1869లో తెగులు వచ్చి కాఫీ తోటలు పోయాకే అక్కడ టీ పెరిగిందని మాత్రం గుర్తుంచుకోండి. ఆకు కోసే అమ్మలు తమిళంలో మా పిల్లల్ని పలకరించారు. ఒకడు పాస్‌పోర్టు హోటల్లో దిండు కింద వదిలేసి, 40 కిలోమీటర్లు వచ్చాక చెప్పాడు. ఆ టెన్షన్ ఇప్పుడు తల్చుకోదల్చుకోలేదు. కొలంబోలో గాల్ ఫేస్ దగ్గర కొత్తు రొట్టె, సముద్రం, షాపింగ్. అంతే.

ఇప్పుడు సిగిరియా. కొండ దిగి పార్కింగ్ దగ్గర టీ తాగుతున్నాం. బుట్టలో నాగుపాముతో ఒక ముసలాయన కూర్చున్నాడు. మా వాడొకడు "ఒరేయ్ పామురా, దగ్గరికెళ్లకు" అన్నాడు. ఆ ముసలాయన తలెత్తి, "ఏం సెయ్యదు, రా" అన్నాడు.

తెలుగులో.

నా చేతిలో గ్లాసు వణికింది. శ్రీలంకలో అహికుంటకులనే సంచార జాతి ఉంది. పాములాడించడం, ఆడవాళ్లు చేయి చూసి జోస్యం చెప్పడం వాళ్ల వృత్తి. తరతరాలుగా వాళ్లింట్లో మాట తెలుగే. సోషల్ చెప్పే నాకు ఇది అప్పటిదాకా తెలియదు, ఆ రాత్రి హోటల్లో వెతికి చదువుకున్నాను. తంబుత్తేగమ దగ్గర కుడాగమ తన ఊరని చెప్పాడు. సగం అర్థమైంది, సగం కాలేదు, మధ్యలో సింహళం, తమిళం దొర్లేవి. గుంటూరు అంటే తెలియదు. ఆంధ్ర అన్నా తెలియదు. మేం తన మాట మాట్లాడుతున్నామని మాత్రం తెలిసింది, అందుకే పిల్లల్ని ఒక్కొక్కర్నీ పిలిచి ఏదో ఒకటి అడిగాడు.

మనవలు సింహళం బడికి వెళ్తున్నారని చెప్పి, "మన మాటకి అచ్చరాలుంటాయా?" అన్నాడు. కళావెవ దగ్గర గైడ్‌ని పట్టుకున్న పిల్లే నోట్‌బుక్ తీసింది. దానికి సెకండ్ లాంగ్వేజ్ హిందీ. ఆయన పేరు తెలుగులో రాసి, దీర్ఘం మింగేసి, పక్కదాన్ని అడిగి దిద్ది, కాగితం చింపి ఇచ్చింది. ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. సింహళం లాగే గుండ్రంగా ఉందే అన్నాడు. మడిచి పాము బుట్ట మూతలో పెట్టుకున్నాడు.

వచ్చాక ప్రిన్సిపాల్ సార్ రెండు పేజీల రిపోర్టు అడిగారు. జేతవనం రాశాను, కాండీ రాశాను, 87 కిలోమీటర్ల కాలవ రాశాను. పాముల తాత గురించి రాయలేదు. నాగుపాము దగ్గరికి పిల్లల్ని ఎందుకు పోనిచ్చారని అడుగుతారు.